సినిమా, పాట, పొడుపుకథ : ఇంటిలో తెలుగు పాఠము

విద్య రెండు చోట్ల జరుగును. ఒకటి బడి, రెండవది ఇల్లు. బడిలో పిల్లవాడు ఉండునది దినమునకు కొద్ది గంటలు మాత్రమే. తక్కిన కాలమంతయు ఇంటిలోను వీధిలోను గడచును. మన ప్రాంతమున వీధిలో వినబడునది ఒడియా, దేశియా. సంతలో కువి, సవర మొదలగు గిరిజన భాషలు. తెలుగు వినబడు చోటు ముఖ్యముగా ఇల్లే. ఆ ఇంటిలోను పిల్లలు తెలుగుతో గడుపు కాలములో పెద్ద భాగము నేడు సినిమాలకును పాటలకును చెల్లుచున్నది.

దీనిని చూచి కొందరు తల్లిదండ్రులు విచారించుచున్నారు. మరికొందరు “మావాడు తెలుగు సినిమాలన్నియు చూచును, పాటలన్నియు పాడును, వానికి వేరుగ తెలుగు చెప్పించుట ఎందుకు?” అని నిశ్చింతగా ఉన్నారు. ఈ రెండు అభిప్రాయములలోను సగము సత్యమే కలదు. వినోదము భాషకు శత్రువు కాదు. అట్లని వినోదముతోనే భాష రాదు. చెవికి వచ్చిన భాష కంటికిని చేతికిని వచ్చినప్పుడే నిలుచును. ఈ విషయమునే కొన్ని ఉదాహరణములతో తల్లిదండ్రులకు విన్నవించుచున్నాను.

1. సినిమా

తెలుగు మాటలు పలికిన మొదటి చిత్రము “భక్త ప్రహ్లాద” 1932లో వెలువడినది. దానికి దర్శకులు హెచ్.ఎం. రెడ్డిగారు. ఒడియాలో మొదటి మాటల చిత్రము “సీతా వివాహ” 1936లో వచ్చినది. ఆ సంవత్సరమే ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా ప్రత్యేక రాష్ట్రమై, అంతవరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో ఉండిన జయపురము ప్రాంతము కోరాపుట్టు జిల్లాగా అందు చేరినది. అనగా మన తాతల కాలమున రాష్ట్రము మారినను, తెలుగు మాట వెండితెర మీదుగా వారి వెంటనే వచ్చినది.

చిత్రమును ఊరక చూచుట వేరు, దాని వలన భాష నేర్చుట వేరు. 1957లో వచ్చిన “మాయాబజార్” మన పిల్లలలో చాలమందికి తెలిసినదే. 2010లో దానికి రంగులద్ది మరల విడుదల చేసిరి. దానికి మాటలు వ్రాసినవారు పింగళి నాగేంద్రరావుగారు. అందులో రాక్షసుల నోట “అసమదీయులు, తసమదీయులు” అను మాటలు వినబడును. పిల్లలు నవ్వుదురు. ఎందుకు నవ్వితివని అడిగినచో చాలమంది చెప్పలేరు.

సంస్కృతమున “అస్మదీయ” అనగా మాది, మాకు సంబంధించినది అని అర్థము. అందు “స్మ” సంయుక్తాక్షరము. రాక్షసులకు సంయుక్తాక్షరము నోరు తిరుగక దానిని విడదీసి “అసమ” అని పలుకుదురు. ఇది మొదటి హాస్యము. ఇక రెండవది. “మావారు” అనుటకు అస్మదీయులు ఉన్నారు కదా, “పరాయివారు” అనుటకు దాని జోడుగా మరియొక మాట పుట్టించిరి. వ్యాకరణము ప్రకారము “మీవారు” అనుటకు యుష్మదీయులు అనియు, “అతనివారు” అనుటకు తదీయులు అనియు ఉండవలెను. కనుక ఈ హాస్యము వత్తు నేర్చినవానికే పూర్తిగా అందును. చదువురాని చెవి ధ్వనికి నవ్వును. చదువుకొన్న చెవి అర్థమునకు నవ్వును. సినిమా చూపిన మరునాడు ఇట్టి మాటను ఒక్కదానిని తీసికొని పలక మీద వ్రాయించినచో, రెండు గంటల వినోదమునకు పావుగంటలో ప్రయోజనము సిద్ధించును.

2. పాట

తెలుగు సినిమా పాట మనకు ఎక్కడో దూరమునుండి వచ్చినదని పిల్లలు తలచుచున్నారు. కోరాపుట్టు నుండి పొట్టంగి, సుంకి మీదుగా కొండ దిగినచో వచ్చు మొదటి పట్టణము సాలూరు. ప్రసిద్ధ సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావుగారు ఆ సాలూరు ప్రాంతమందలి శివరామపురమున పుట్టినవారు. గాయకులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విజయనగరమునకు వచ్చి, అచ్చటి సంగీత కళాశాలలో విద్య నేర్చిరి. వారికి గురువులైన పట్రాయని సీతారామశాస్త్రిగారిదియు సాలూరితో సంబంధమున్న కుటుంబమే. 1919లో స్థాపించిన ఆ కళాశాలకు మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. గాయని పి. సుశీలగారు 1935లో విజయనగరముననే జన్మించిరి. రాయగడ నుండి రైలెక్కి పార్వతీపురము మీదుగా దిగువకు పోయినచో విజయనగరము చేరుదుము. కావున తెలుగు పాట మనకు పొరుగింటి సొత్తే.

ఇంకొక విశేషము గమనింపదగినది. తెలుగు అజంత భాష. అనగా దాని మాటలు సాధారణముగా అచ్చుతో ముగియును. ఒడియాలోను హిందీ, బెంగాలీలలో వలె గాక, మాట చివరి అచ్చు నిలిచి పలుకును. అచ్చుతో ముగియు మాటను రాగము తీయుట సులభము. మన పిల్లలకు రెండు భాషల పాటలును సులభముగా పట్టుబడుటకు ఇదియు ఒక కారణము. జయదేవుని అష్టపదులు పురీ జగన్నాథుని సన్నిధిని పాడబడుచున్నవి. మన భజన గోష్ఠులలోను పాడబడుచున్నవి. పాటకు సరిహద్దు లేదు.

అయితే పాటలో ఒక చిక్కు కలదు. తాళమునకు లోబడి మాటలు ఒకదానితో నొకటి కలిసిపోవును. పిల్లవాడు ఆ కలిసిన ధ్వనినే ఒక మాటగా గ్రహించును. వాని చేత పల్లవిని విన్నదానిని విన్నట్లు వ్రాయించి చూడుడు. ఎక్కడ మాట ముగిసినదో, ఎక్కడ రెండవది మొదలైనదో వానికి తెలియకుండుట మీకే గోచరించును. అప్పుడు మాటల నడుమ గీతలు గీయించి, తెలియని మాటకు అర్థము చెప్పవలెను. వ్యాకరణమున సంధి, పదవిభాగము అని మేము బోధించునది ఇదియే. తెలిసిన పాట ద్వారా నేర్చినది మరపునకు రాదు.

3. పొడుపుకథయు ప్రహేళికయు

పొడుపుకథ పేదయింటి పుస్తకము. దానికి వెల లేదు, దీపము కూడ అక్కరలేదు. అవ్వ అడుగును, మనుమరాలు ఆలోచించును. వస్తువు పేరు చెప్పక దాని గుణములు మాత్రమే చెప్పుట వలన పిల్లలకు వర్ణించు శక్తియు, ఊహించు శక్తియు అలవడును. అక్షరములతో కూడ ఇట్టి ఆట ఆడవచ్చును. ఉదాహరణమునకు దీనిని మీ పిల్లల నడుగుడు:

“మూడక్షరముల పేరు నాది. ముందునుండి చదివిన బడికి వత్తును. వెనుకనుండి చదివిన అడవినుండి వత్తును. నేనెవరు?”

జవాబు “పలక”. తిరుగవేసిన “కలప”. ఈ ఆట అక్షరములు తెలిసినవానికే సాధ్యము. విని మాత్రమే తెలుగు నేర్చినవాడు దీనిని సులభముగా విప్పలేడు.

పత్రికలలో వచ్చు గళ్ల ప్రహేళిక 1913 డిసెంబరులో న్యూయార్కు నగరపు వార్తాపత్రికలో మొదటిసారి వెలువడి లోకమంతట వ్యాపించినది. ఆంగ్లమున “రాయగడ” అని వ్రాయుటకు ఎనిమిది గళ్లు కావలెను. తెలుగులో నాలుగే చాలును: రా, య, గ, డ. మన గడిలో కూర్చుండునది ఒంటరి హల్లు కాదు. గుణింతముతో, వత్తుతో కూడిన నిండు అక్షరము. నిలువు మాటకును అడ్డు మాటకును ఆ గుణింతము, ఆ వత్తు కూడ సరిపోవలెను. గుణింతములు దిద్దించుటకు ఇంతకంటె ఇంపైన సాధనము లేదు. ఒడియా వ్రాతలోను రాయగడకు నాలుగే అక్షరములు. రెండు లిపులకును వర్ణమాల క్రమము ఒక్కటే. కనుక తెలుగు గుణింతము నేర్చిన చేయి ఒడియా అక్షరమును త్వరగా పట్టుకొనును.

1947 జులైలో ప్రారంభమైన “చందమామ” ఇప్పుడు వెలువడుట లేదు గాని, పాత సంచికలు పలువుర ఇండ్లలో ఉన్నవి. అది 1956 నుండి “జహ్నమాము” అను పేర ఒడియాలోను వచ్చినది. అందలి బేతాళ కథలలో ప్రతి కథయు ఒక ప్రశ్నతో ఆగును. తండ్రి ఆ ప్రశ్న వరకు చదివి, పుస్తకము మూసి, పిల్లల జవాబు వినవలెను. ఆ పిమ్మటనే రాజు జవాబు చదువవలెను.

4. చిన్న దేశపు నీతి

“మనము కొద్దిమందిమి, మన భాష ఇచ్చట ఎంతకాలము నిలుచును?” అను మాట తరచు వినబడుచున్నది. యూరపు ఖండమున ఎస్టోనియా అను చిన్న దేశమున్నది. దాని జనసంఖ్య సుమారు 13 లక్షలు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన కోరాపుట్టు జిల్లాకే 13 లక్షల 79 వేలు. ఆ దేశమును తరతరములు జర్మను ప్రభువులును, రష్యా చక్రవర్తులును ఏలిరి. ఆ ప్రజలు 1869లో తార్తూ పట్టణమున మొదటి పాటల పండుగ జరుపుకొనిరి. నాటినుండి ఆ పండుగ జాతీయాచారమైనది. 1988లో వేలాది జనులు రాత్రులందు గుమిగూడి తమ భాషలో పాడిరి. 1991లో స్వాతంత్ర్యము మరల లభించినది. పాట ఒక్కటే ఆ పని చేసినదని చెప్పరాదు. పంతొమ్మిదవ శతాబ్దము ముగియు నాటికే ఆ ప్రజలలో అత్యధికులు తమ భాష చదువ నేర్చియుండిరి. పాడినవారు చదివినవారు కూడ; అందువలన వారి పాట నిలిచినది.

మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 2011 నాటికే 8 కోట్లకు పైగా ఉన్నారు. అయినను ఆ సంఖ్య కుందురలోని ఒక ఇంటిని గాని, గుణుపురములోని ఒక ఇంటిని గాని రక్షింపజాలదు. భాష కోట్లమందిలో నిలుచునని తలచి ఒక ఇల్లు మానినచో, ఆ ఇంటిలో అది ముగిసినట్లే.

5. తల్లిదండ్రులకు మనవి

తెలుగు చదివించినచో పిల్లలు ఒడియాలో వెనుకబడుదురేమోయని కొందరి భయము. ఈ భయము సహజమే. 1954 చట్టము ప్రకారము ఒడియా ఈ రాష్ట్రపు అధికార భాష. అది మన పిల్లలకు తప్పక రావలెను. కాని ఒకటి నేర్చుటకు రెండవది విడువనక్కరలేదు. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు తెలుగు, ఒడియా సాహిత్యములు రెండింటిని పోషించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలు దానము చేసిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చి, ఆ పిల్లలకు వారి మాటలోనే వాచకములు సిద్ధపరచిరి. తల్లి నుడిలో మొదలైన చదువు ఇతర భాషలకు మెట్టగునని వారు ఆచరించి చూపిరి.

ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యము కల్పింపవలెనని రాజ్యాంగమున 350–ఎ అధికరణము 1956లో చేర్చబడినది. తరగతిలో పదిమంది గాని, బడిలో నలుబదిమంది గాని ఉన్నచో ఆ భాషకు ఉపాధ్యాయుని నియమింపవలెనను సూత్రము 1949లో విద్యామంత్రుల సమావేశమున అంగీకరింపబడినది. ఈ అంకెలను తల్లిదండ్రులు జ్ఞాపకముంచుకొనవలెను. పదిమందిలో ఒకరు తగ్గిన తొమ్మిదిమందికి పాఠము పోవు ప్రమాదము కలదు. మీ పిల్లను తెలుగు తరగతిలో చేర్చుట మీ ఇంటి పని మాత్రమే కాదు. పొరుగింటి పిల్ల హక్కును నిలుపుట కూడ.

కావున నా మనవి మూడు మాటలలో ముగించెదను. సినిమా చూపినచో మరునాడు అందలి కథను ఐదు వాక్యములలో వ్రాయింపుడు. వారమునకొక పాట పల్లవిని వ్రాయించి మాటలు విడదీయింపుడు. రాత్రి భోజనమైన పిమ్మట ఒక పొడుపుకథ అడుగుడు. అవ్వ, తాత ఉన్నచో వారిచేత అడిగింపుడు. చదువురాని తల్లియు ఈ మూడవ పని చేయగలదు. తక్కిన రెండింటికి అన్నగాని అక్కగాని తోడ్పడవచ్చును. పిల్లలు వ్రాసిన కాగితములను బడికి పంపినచో మేము దిద్ది పంపెదము. ఇంటిలో విన్నది బడిలో అక్షరమై, బడిలో నేర్చినది ఇంటిలో మాటయై తిరుగుచున్నంత కాలము ఈ కొండల నడుమ తెలుగు నిలుచును.