నావికా సాగర పరిక్రమ

క్రీ.శ. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకులకు రక్షణ కల్పించింది. తెలుగువారికి కడలి కొత్త కాదు. అయితే మన చరిత్ర గ్రంథాలలో ఓడ నడిపిన స్త్రీల ప్రస్తావన మాత్రం అరుదు.

భారత నౌకాదళం 1992లో స్త్రీలను అధికారులుగా చేర్చుకొనడం ఆరంభించినా, చాలాకాలం వారి ఉద్యోగాలు ఎక్కువగా ఒడ్డుకే పరిమితమైనాయి. విశాఖపట్నానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పాతర్లపల్లి స్వాతి విమానాల రాకపోకలను నియంత్రించే అధికారిణి. హైదరాబాదుకు చెందిన లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య నౌకా నిర్మాణ నిపుణురాలు. సముద్రతీరం లేని నగరంలోని యువతి సాగరాన్ని కోరుకొనడం విశేషమే.

లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషీ నాయకత్వంలో వీరిద్దరితో కలిపి ఆరుగురు అధికారిణులు 2017 సెప్టెంబరు 10న గోవా నుండి ‘తారిణి’పై బయలుదేరారు. అది 56 అడుగుల తెరచాప నావ. గాలియే దానికి చోదకశక్తి. ఏకాకిగా భూమిని చుట్టివచ్చిన తొలి భారతీయుడు దిలీప్ దోందే వారికి శిక్షణనిచ్చాడు.

ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్ రేవులు దాటిన పిదప అసలు పరీక్ష ఎదురైంది. దక్షిణ పసిఫిక్‌లో పడమటి గాలులను అడ్డగించే భూభాగమే అరుదు. అందువలన అలలు పెరిగి పర్వతాకారం దాల్చుతాయి. గంటకు నూరు కిలోమీటర్లకు మించిన గాలులను, ఏడు మీటర్ల ఎత్తైన అలలను, ఎముకలు కొరికే చలిని ఆ చిన్న నావలో సుమారు నలభై దినాలు సహించి, వారు 2018 జనవరి 18న హార్న్ అగ్రాన్ని దాటారు. ఫాక్‌లాండ్ దీవులు, కేప్‌టౌన్ మీదుగా తిరిగివస్తుండగా చుక్కాని యంత్రాంగం చెడిపోయింది. అందుచేత అనుకోకుండా మారిషస్‌లో ఆగవలసి వచ్చింది.

21,600 నాటికల్ మైళ్లు పయనించి, 254 దినాల తరువాత, 2018 మే 21న వారు గోవా చేరారు. అందులో 199 దినాలు నీటిపైననే గడిచాయి. నారీశక్తి పురస్కారం, టెన్జింగ్ నార్గే సాహస పురస్కారం, నౌసేనా పతకం వారిని వరించాయి.

నౌకాదళ అధికారిణులకు శాశ్వత నియామకపు హక్కును సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుర్తించింది. 2024 అక్టోబరులో అదే ‘తారిణి’ మరల గోవా వీడింది. ఈసారి నావలో ఇద్దరే అధికారిణులు.