ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు

కొనకనమిట్ల మండలంలో ఒక ఊరు. ఆ ఊరిలో ఒక తల్లి. భర్తతో కలిసి కంది చేను చేస్తుంది. చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక రాత్రి బడిలో మార్కాపురం పలక పట్టి అక్షరాలు దిద్దింది. ఇప్పుడు పొదుపు సంఘం పుస్తకం తానే చదువుతుంది.

ఆమె కొడుకు డిగ్రీ చదివాడు. ఏడాదిగా ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. ఒకరోజు పరుగున ఇంటికి వచ్చాడు.

"అమ్మా! ఉద్యోగం వచ్చింది. బెంగళూరులో పెద్ద కంపెనీ. నెలకు 35,000 జీతం. ఈమెయిలు పంపారు" అన్నాడు.

ఈమెయిలు అంటే ఫోనులోకి, కంప్యూటరులోకి వచ్చే ఉత్తరం.

తల్లి కళ్ళు చెమర్చాయి. "ఎప్పుడు పోవాల అబ్బయా?" అని అడిగింది.

"ముందు 18,500 కట్టాలంట. ట్రైనింగు ఖర్చులంట. సాయంత్రం లోపల కట్టకపోతే ఉద్యోగం వేరేవాళ్ళకు ఇస్తారంట. నీ కమ్మలు కుదువ పెడదామమ్మా."

తల్లి చెవులు తడుముకుంది. కాసేపు ఆలోచించింది.

"నువ్వు పరీక్ష రాసినావా?"

"లేదు."

"ఎవరన్నా పిలిచి మాట్లాడినారా?"

"లేదమ్మా. అంతా ఫోనులోనే."

"నిన్ను చూడకుండానే ఉద్యోగం ఎట్లా ఇచ్చినారు? మనం కూలికి పోతే కూలి ఇస్తారు. మన దగ్గరే డబ్బు తీసుకుంటారా? ఆ డబ్బు ఎవరి పేరున కట్టాలో చదువు."

కొడుకు చదివాడు. ఉత్తరం మీద కంపెనీ పేరు ఉంది. బ్యాంకు ఖాతా మాత్రం ఎవరో మనిషి పేరున ఉంది.

"సంఘం డబ్బు సంఘం ఖాతాలో వేస్తాం. లీడరు ఖాతాలో వేస్తామా?" అంది తల్లి.

కొడుకు ఆ ఉత్తరంలోని నంబరుకు ఫోను చేయలేదు. కంపెనీ సొంత వెబ్‌సైటులో నంబరు వెతికి చేశాడు. "ఆ ఉత్తరం మాది కాదు" అన్నారు వాళ్ళు.

కమ్మలు చెవులకే ఉన్నాయి.

ఇట్లా మోసపోయినవాళ్ళు ఉన్నారు

2022లో తమిళనాడు నుంచి 28 మంది రైల్వే ఉద్యోగమని నమ్మి ఢిల్లీ పోయారు. అందరూ కలిసి 2 కోట్లకు పైగా ఇచ్చారు. ట్రైనింగు అని చెప్పి వాళ్ళను స్టేషనులో కూర్చోబెట్టారు. నెల రోజులు వచ్చే రైళ్ళను, పోయే రైళ్ళను లెక్కపెట్టించారు. ఉద్యోగమూ లేదు, డబ్బూ లేదు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు మరో మోసం బయటపెట్టారు. కంబోడియా దేశంలో కంప్యూటరు ఉద్యోగం అని ఏజెంట్లు మన యువకులను పంపారు. అక్కడ వాళ్ళను నిర్బంధించి, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయించారు. అక్కడ పోయింది డబ్బు ఒక్కటే కాదు, స్వేచ్ఛ కూడా.

దొంగ ఉత్తరం గుర్తులు

1. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. ఉద్యోగం మాత్రం వచ్చింది అంటారు.

2. ఉద్యోగం ఇచ్చాం, డబ్బు కట్టు అంటారు. ప్రభుత్వ పరీక్షకు దరఖాస్తు రుసుము ఉండవచ్చు. అది పరీక్షకు ముందు కట్టేది. ఇది వేరు.

3. డబ్బు ఎవరో మనిషి ఖాతాకు పంపమంటారు.

4. ఈమెయిలు చిరునామాలో కంపెనీ పేరు ఉండదు. ఎవరైనా తెరుచుకునే జీమెయిల్ వంటివి ఉంటాయి.

5. తొందర పెడతారు. ఎవరికీ చెప్పొద్దు అంటారు.

6. ఓటీపీ, ఏటీఎం పిన్ అడుగుతారు. ఇవి ఎవరికీ చెప్పకూడదు.

విదేశాలకు పంపే ఏజెంటుకు భారత ప్రభుత్వ అనుమతి ఉండాలి. అది చూడనిదే పాస్‌పోర్టు, డబ్బు ఇవ్వకూడదు.

డబ్బు పోతే?

వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. బ్యాంకుకు చెప్పాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. ఉత్తరాన్ని, డబ్బు కట్టిన రసీదును దాచి ఉంచాలి. సిగ్గుపడి ఊరుకుంటే దొంగ ఇంకో ఇంటికి పోతాడు. తప్పు మోసపోయినవాళ్ళది కాదు, మోసం చేసినవాడిది.

మాట్లాడుకోండి

1. తల్లి కొడుకును ఏమేమి అడిగింది?

2. మీ ఊరిలో ఎవరైనా ఉద్యోగం కోసం ముందుగా డబ్బు కట్టారా? ఏమైంది?

3. 1930 అంకెను మీ ఇంటి గోడ మీద పెద్దగా రాయండి.