షుగరు, బీపీ లేకున్నా క్రియాటినిన్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మాది కవిటి మండలం. నాన్నకి 48 ఏళ్లు, కొబ్బరి తోటల్లో కూలి పని. షుగరు, బీపీ లేవు. క్రియాటినిన్ 1.8 వచ్చింది. డయాలసిస్ తప్పదా డాక్టరు గారూ?

జవాబు: అప్పుడే డయాలసిస్ మాట ఎందుకమ్మా! ఆ వయసు మగవారికి 1.8 అంటే కిడ్నీల వడపోత, అంటే ఈజీఎఫ్‌ఆర్, 45 దగ్గర ఉన్నట్టు. ఇది కిడ్నీ జబ్బులో మూడో దశ స్థాయి. సాధారణంగా ఈజీఎఫ్‌ఆర్ 15 కన్నా తగ్గి, వాంతులు, ఆయాసం లాంటివి మొదలయ్యాకే డయాలసిస్ గురించి ఆలోచిస్తాం. త్వరలో ఒకసారి, మూడు నెలలకు మరోసారి పరీక్ష చేయించండి. అప్పటికీ అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటాం.

మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో చాలామందికి షుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. నీళ్లు, నేల, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు... అన్నిటి మీదా అనుమానాలున్నాయి, ఏ ఒక్కటీ ఖాయంగా తేలలేదు. ఈ రకం జబ్బులో మూత్రంలో ప్రొటీను తక్కువే పోతుంది, కాళ్ల వాపులూ ఆలస్యంగానే వస్తాయి. కాబట్టి మూత్రం రిపోర్టు బాగుందని ధీమాగా ఉండొద్దు.

ఒళ్లు నొప్పులకు మందుల షాపులో కొనే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఈ రోజే మానిపించండి. అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. నాటు మందులూ వద్దు. ఎండలో పనిచేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి. అలాగని బిందెలకొద్దీ తాగితే దెబ్బతిన్న కిడ్నీ బాగుపడదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. రక్తంలో అదెంతుందో చూడకుండా రోజూ తాగనివ్వకండి. పలాస కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే. పాత రిపోర్టులన్నీ పట్టుకుని ఈ వారమే చూపించండి.