ప్రశ్నలు - జవాబులు: అకామా అయిపోయింది, ఇంటికి దారేది?

ప్రశ్న: మా ఆయన రియాద్ పోయి నాలుగేండ్లయింది. కంపెనీ ఎనిమిది నెలల నుంచి అకామా (నివాస అనుమతి కార్డు) రెన్యువల్ చేయలేదు, నాలుగు నెలల జీతం ఆపింది. బయటికొచ్చి దొరికిన పని చేసుకుంటున్నాడు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) హురూబ్ పెట్టాడని ఒకరు, లేదని ఒకరు అంటున్నారు. ఎంబసీకి పోతే పోలీసులకు పట్టిస్తారని ఆయన భయం. ఐదు వేల రియాళ్లిస్తే ఇంటికి పంపిస్తానని ఒకతను అంటున్నాడు. ఇవ్వమంటారా?
- ధర్మపురి వైపు నుంచి ఒక సోదరి

జవాబు: ఇవ్వొద్దమ్మా. మన డబ్బుల్లో అది లక్ష దాటుతుంది. అతను చేస్తానంటున్న పని ఎంబసీ ద్వారా అయ్యేదే.

ముందు హురూబ్ సంగతి తేల్చుకోండి. అకామా అయిపోవడం వేరు, హురూబ్ వేరు. అకామా రెన్యువల్ ఫీజు, ఆలస్యమైతే పడే జరిమానా కూడా యజమానే కట్టాలని సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం చెబుతోంది. కాబట్టి అది మీ ఆయన తప్పు కాదు. హురూబ్ అంటే మాత్రం మనిషి పని వదిలి పారిపోయాడని కఫీల్ ఆయన మీద పెట్టే ఫిర్యాదు. ఉందో లేదో సౌదీ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో అకామా నంబరు కొడితే తెలుస్తుంది. గదిలో ఎవరో అన్న మాట పట్టుకుని నెలలు గడపకండి.

తరువాత, అకామా మీద వృత్తి ఏమని ఉందో ఫొటో తీసి పంపమనండి. ఇది చాలా ముఖ్యం. 2021 మార్చి నుంచి అక్కడ నిబంధనలు మారాయి. అకామా గడువు తీరితే లేదా మూడు నెలల జీతం ఆగితే, పాత కఫీల్ ఒప్పుకోకపోయినా సరే, కార్మికుడు మరో కఫీల్‌కు మారవచ్చు. మీ ఆయనకు రెండు కారణాలూ ఉన్నాయి. అయితే ఈ వెసులుబాటు కంపెనీ వీసాలకే. ఇంటి డ్రైవరు, తోటమాలి, గొర్రెల కాపరి, 'ఆమిల్ మంజిలీ' (ఇంటి పనివాడు) అని రాసి ఉన్నవారికి వర్తించదు. కంపెనీ పని అని చెప్పి ఇంటి వీసా మీద పంపిన ఏజెంట్లను తలచుకుంటే నా కడుపు మండుతుంది.

ఇక ఇంటికే రావాలనుకుంటే రియాద్‌లోని మన ఎంబసీలో ఫైనల్ ఎగ్జిట్ (దేశం విడిచి వెళ్లే వీసా) కోసం పేరు రాయించుకోవాలి. అకామా అయిపోయినవారికీ, హురూబ్ పడినవారికీ ఆ ఏర్పాటు ఉంది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోతే అవుట్‌పాస్ (తాత్కాలిక ప్రయాణ పత్రం) ఇస్తారు. వెళ్లినవారిని పోలీసులకు అప్పగించడం ఎంబసీ పని కాదు. అసలు ప్రమాదం బయట ఉంది. తనిఖీలో దొరికితే తర్హీల్‌లో, అంటే డిపోర్టేషన్ కేంద్రంలో వేసి, వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు. మళ్లీ పనికి సౌదీ వెళ్లడం కష్టమవుతుంది.

కఫీల్ కాని మనిషి దగ్గర పనిచేయడం కూడా అక్కడ నేరమే. 'మరి తిండెట్లా?' అని మీరు అడుగుతారని నాకు తెలుసు. ఆపదలో ఉన్నవారికి బస, భోజనం, టికెట్టు ఇచ్చేందుకు ఎంబసీ దగ్గర సంక్షేమ నిధి ఉంది. సిగ్గుపడకుండా అడగమనండి. అది దానం కాదు, మన ప్రభుత్వం ఇందుకోసమే పెట్టింది.

జీతం బాకీ మీద కార్మిక కార్యాలయంలో ఫిర్యాదు మాత్రం ఫైనల్ ఎగ్జిట్ పడకముందే పెట్టాలి. విమానం ఎక్కాక ఆ డబ్బు రాబట్టడం చాలా కష్టం. మీరిక్కడ ఊరికే కూర్చోనక్కర్లేదు. విదేశాంగ శాఖ వారి 'మదద్' పోర్టల్‌లో ఆయన పాస్‌పోర్టు నంబరుతో మీరే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఈ వారమే చేయండి.

ప్రశ్న: మా చెల్లెలికి 27 ఏళ్లు, ఎనిమిదో తరగతి వరకు చదివింది. కువైట్‌లో ఇంటిపని ఉందని, ముందు విజిట్ వీసా మీద దుబాయ్ పొమ్మని, తరువాత 20 నంబరు (ఇంటిపని) వీసా కొట్టిస్తానని ఏజెంటు అంటున్నాడు. పంపవచ్చా?
- రాజంపేట దగ్గర నుంచి ఒక అన్న

జవాబు: వద్దు తమ్ముడూ. పది పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) కింద వస్తుంది. అలాంటివారు కువైట్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. మహిళలకు 30 ఏళ్లు నిండనిదే ఆ అనుమతి ఇవ్వరు. అందుకే అతను దుబాయ్ దొడ్డిదారి చూపిస్తున్నాడు. ఆ దారిన వెళితే చేతిలో ఒప్పందం ఉండదు, పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండదు, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరే ఉండదు. రేపు ఏదైనా జరిగితే ఆమె ఏ ఇంట్లో ఉందో ప్రభుత్వానికే తెలియదు. వయసు నిండాక ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే పంపండి.

ప్రశ్న: కువైట్‌లో మేడమ్ నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసింది. అడిగితే అరుస్తోంది.
- ఒక చెల్లెలు

జవాబు: అక్కడి ఇంటిపనివారి చట్టం, అంటే 2015 నాటి 68వ నంబరు చట్టం, నీ ఇష్టం లేకుండా పాస్‌పోర్టు పట్టి ఉంచుకోవడాన్ని నిషేధించింది తల్లీ. వారానికో రోజు సెలవు కూడా నీ హక్కే. అయినా కోపంలో గడప దాటి వెళ్లిపోకు. నువ్వు పారిపోయావని వాళ్లే ముందు కేసు పెడతారు. నీ బతాకా (సివిల్ ఐడీ కార్డు) రెండు వైపులా ఫొటో తీసి ఇంటికి పంపు. ఎంబసీకి ఫోన్ చేసి, ఏ ఏరియా, ఏ బ్లాకు, ఏ వీధిలో ఉన్నావో చెప్పి, వాళ్లు రమ్మన్నాకే కదులు.