వరద చూసి కరువు మర్చిపోకండి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు కూరగాయలు ఇవ్వడానికి వెళ్తే అందరూ 2020 అక్టోబరు వరద గురించే చెప్తారు. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగాయి మరి. "వానలు పెరిగాయిగా, మీకు మంచిదే" అంటారు. అదేం కాదండీ.

మన దేశంలో నైరుతి వానలకు ఎక్కువ కురిసే దశ, తక్కువ కురిసే దశ ఉంటాయి. ఒక్కోటి కొన్ని దశాబ్దాలు నడుస్తుంది. 1970ల నుంచి నడిచింది తక్కువ దశే. అందుకే వాతావరణ శాఖ 2022లో దేశ సగటును 88 సెంటీమీటర్ల నుంచి 87కి దించింది. 2002, 2009, 2014, 2015 కరువులు ఈ దశలోవే. 2020 వరద కూడా ఇందులోదే!

అసలు దెబ్బ ఒక్క సీజన్‌లోనే తగులుతుంది. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 64 సెంటీమీటర్లు దాటింది. వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తమ్మీద 1901 నుంచి చూస్తే అన్నిటికన్నా పొడి ఆగస్టు. సగటు చూసి విత్తేవాళ్లకి ఇది కనపడదు.

అందుకే నేను రెండింటికీ సిద్ధంగా ఉంటా. వాలుకు అడ్డంగా కందకాలు, సాళ్ల మధ్య ఆచ్ఛాదన, జొన్నలో కంది. కందకం జులై నీళ్లని పట్టుకుంటుంది, ఆచ్ఛాదన ఆ తేమను ఆగస్టు దాకా నిలుపుతుంది. జొన్న దెబ్బతిన్నా కంది ఉంటుంది.

కందకం తీసే పద్ధతి వీడియోలో చూపించా. తవ్వేముందు మీ చేను వాలు ఎటుందో చూసుకోండి.