బాపు బండి ఎందుకు ఆగింది?
(పాత మోటార్ సైకిల్ కార్బరేటర్‌పై ఒక పాఠం)

ఈ సంచికకు పాఠం లాంటిది ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. ఫిజిక్స్‌లో పీజీ కాబట్టి కాంతి గురించో పరమాణువు గురించో రాస్తామని అనుకొని ఉంటారు. మేము మాత్రం కార్బరేటర్ గురించి రాస్తున్నాం. మనలో చాలామంది ఇళ్లలో ఒక పాత బండి, దాన్ని నమ్ముకున్న ఒక రోజు కూలీ ఉంటాయి గదా.

మా ఇంట్లో ఉన్నది హీరో హోండా సీడీ 100. 1985లో మార్కెట్లోకి వచ్చిన 97 సీసీ రకం. మా చేతికి వచ్చేసరికి ఎన్ని చేతులు మారిందో తెలియదు. బాపు గోదావరిఖని దగ్గర ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కార్మికుడు. పోయిన వానాకాలంలో బండి ఐదారు కిలోమీటర్లు బాగానే పోయి, టప్పున ఆగేది. పది నిమిషాలు నిలబెడితే మళ్లీ స్టార్టయ్యేది. ఇట్లా రెండు రోజులు ఆలస్యమై మస్టర్ పడలేదు. మస్టర్ లేకపోతే ఆనాటి కూలీ లేదు. ఒక మెకానిక్ చూసి కార్బరేటరే మార్చాలన్నాడు. అది బాపుకు నాలుగు రోజుల కూలీ. సెలవులకు ఇంటికి పోయిన మేము, తమ్ముడు కలిసి ముందు మేమే చూద్దామనుకున్నాం.

కార్బరేటర్ చేసే పని ఇంటర్‌లో చదివిన బెర్నౌలీ సూత్రమే. 1738లో అచ్చయిన గ్రంథంలో ఆయన చెప్పినట్టు, ప్రవాహం వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఇంజిన్ పీల్చే గాలి కార్బరేటర్‌లోని ఇరుకు గొంతులో వేగంగా పోతుంది. అక్కడ పీడనం తగ్గగానే, కింది గిన్నెలోని పెట్రోలును బయటి గాలి పీడనం సన్నని జెట్ గుండా పైకి నెడుతుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గిన్నెలో పెట్రోలు మట్టం ఒకేలా ఉంచేది ఫ్లోట్.

ఇంజిన్ చల్లారాక మొదట ప్లగ్ విప్పి స్పార్క్ చూశాం. ఈ పని పెట్రోలు పైపు ఊడదీయకముందే చేయాలి. పెట్రోలు చిందిన చోట స్పార్క్ చూడటం, బీడీ వెలిగించడం రెండూ ఒకటే. స్పార్క్ నీలంగా, గట్టిగా ఉంది. కరెంటు వైపు తప్పు లేదు.

తర్వాత కార్బరేటర్ దగ్గర పైపు తీసి సీసాలో పెట్టి కాక్ తిప్పాం. మొదట ధార లావుగానే వచ్చింది. కొంతసేపటికి సన్నబడింది. ఇంకాసేపటికి చుక్కలు. ట్యాంకులో మాత్రం సగానికి పైగా పెట్రోలు ఉంది. తమ్ముడు ట్యాంకు మూత తెరిచాడు. 'స్స్' అని గాలి లోపలికి పోయింది, ధార మళ్లీ లావైంది!

కారణం అప్పుడు తెలిసింది. పెట్రోలు కిందికి దిగినంత మేర గాలి ట్యాంకులోకి రావాలి. అందుకే మూతలో సన్నని చిల్లు ఉంటుంది. బొగ్గు దుమ్ము, వాన నీళ్లు కలిసి గట్టిపడి ఆ చిల్లును మూసేశాయి. ట్యాంకులో పీడనం తగ్గి పెట్రోలు దిగడం ఆగిపోయేది. పది నిమిషాలు నిలబెడితే కొంత గాలి ఎట్లాగో లోపలికి చేరి బండి కదిలేది. కార్బరేటర్ పాపం ఏ తప్పూ చేయలేదు.

మీ బండిలో మూత బాగానే ఉంటే కాక్ లోపలి జాలీ చూడండి. తర్వాత గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి సీసాలోకి దించండి. నీరుంటే అడుగున వేరుగా కనిపిస్తుంది. జెట్ మూసుకుపోతే పంపుతో గాలి కొట్టాలి గాని తీగ పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే బండి జీవితాంతం పెట్రోలు తాగుతుంది. పైపు నుంచి పెట్రోలు కారిపోతుంటే ఫ్లోట్ సూది కింద నలక ఉందేమో చూడాలి.

ప్లగ్ కొసన పొడి మసి ఉంటే గాలి చాలడం లేదన్నమాట. మన బెల్టులో దీనికి చాలాసార్లు కారణం దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరే. కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, మార్చాలి. కొస తెల్లగా కాలితే పెట్రోలు చాలడం లేదు.

ఇంకో మాట. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులకు పడదు. బండిని నెలల తరబడి నిలిపితే గిన్నె ఖాళీ చేసి పెట్టండి. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 నిబంధనలతో వస్తున్న బండ్లలో ఎక్కువ వాటికి ఇంజెక్షన్ ఉంది, వాటికి ఈ పాఠం పనికిరాదు.

మూత చిల్లుకు మాత్రం సూది వాడొచ్చు. మేము అమ్మ కుట్టు సూదితోనే పొడిచాం. మర్నాడు బాపు షిఫ్టుకు పావుగంట ముందే చేరాడు. ఆ సూదిని టూల్ డబ్బాలో దాచుకున్నాడు, అమ్మ ఇంకా వెతుకుతూనే ఉంది.