నాలుక కన్నా ముందు చెవి

ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవారు జపనీస్ మాటల దగ్గర తడబడితే నేరమంతా నాలుకదే అనుకుంటారు. నిజానికి జపనీస్‌లో నాలుకను కష్టపెట్టే ధ్వనులు కొద్ది. అచ్చులు ఐదే. చిక్కంతా వాటికిచ్చే కాలంతో. ఇంగ్లీషులో ఒక అక్షరాన్ని ఊది పలికి పక్కవాటిని నలిపేయడం అలవాటు. అందుకే యొకొహమ అనే ఊరి పేరులో 'హ'ను సాగదీసి, దాని ముందున్న ఒకారాన్ని మింగేస్తారు. జపాన్‌వారు నాలుగు అక్షరాలకూ సమానంగా మాత్రేసి కాలమిస్తారు. 'టోక్యో' అనే పేరు వాళ్లకు రెండు గురువులు, అంటే నాలుగు మాత్రలు. ఛందస్సు చదివిన తెలుగువారికి ఈ లెక్క ఇట్టే తెలుస్తుంది. ఒక్క మాత్ర తేడా వస్తే అర్థమే మారుతుంది: 'ఒజిసన్' బాబాయో మామయ్యో, 'ఒజీసన్' తాతయ్య, 'బిరు' భవనం, 'బీరు' తాగే బీరు, 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల.

ఈ తేడాలు పలకలేకపోవడానికి మొదటి కారణం అవి చెవికి అందకపోవడమే. పరభాష వింటున్నప్పుడు పెద్దలు ఎదుటివారి ధ్వనిని తమకు అలవాటైన ధ్వనిలోకి మార్చుకుని వింటారు. కాబట్టి ఉచ్చారణ నేర్చుకోవడమంటే ముందుగా 'నాకు సరిగ్గానే వినిపించింది' అన్న ధీమాను వదులుకోవడం. పెద్దవయసులో చెవి మారదని కొందరంటారు. పసితనంలో ఉన్నంత సులువు ఉండదన్నది నిజమే. కానీ ఇంగ్లీషులోని ర, ల ధ్వనుల తేడా పోల్చలేని జపాన్ పెద్దలకు అనేకమంది గొంతుల్లో ఆ మాటలు వినిపించి, తప్పొప్పులు వెంటనే చెబుతూ సాధన చేయిస్తే గుర్తించే శక్తి పెరిగిందని పరిశోధకులు లోగన్, లైవ్లీ, పిసోని 1991లో చూపారు. 1997లో బ్రాడ్లో బృందం ఇంకో మెట్టు ఎక్కింది. వినే సాధన మాత్రమే చేసినవారి ఉచ్చారణ కూడా మెరుగైంది! అందరూ సమానంగా ఎదగలేదు, లోపాలన్నీ పోలేదు. అయినా జపాన్‌వారి చెవికి సాధ్యమైన మార్పు ఇంగ్లీషువారి చెవికి అసాధ్యమనడానికి ఆధారం లేదు.

సందర్భాన్ని బట్టి ఎలాగూ అర్థమవుతుంది, యాసలో తప్పేముంది అని మరో వాదన. యాస తప్పు కాదు, దాన్ని చెరిపేసుకోనక్కర్లేదు. జపాన్‌లోనే స్వరం ఊరూరికీ మారుతుంది: 'హషి'లో ముందు అక్షరం ఎత్తితే టోక్యోలో చాప్‌స్టిక్స్, ఒసాకాలో వంతెన. అక్కడివారే ఒప్పుకునే ఇలాంటి తేడాలు నిదానంగా నేర్చుకోవచ్చు. మాత్ర సంగతి వేరు. దాన్ని వదిలేసి, ఊహించుకునే భారం వినేవారి మీద వేయడం మర్యాద కాదు.

హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు తెలుగులో పుట్టుకతోనే ఉన్నాయి కాబట్టి మనకు ఈ బాధ లేదనుకోవద్దు. జపనీస్ మాటలు మనకు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల మీదుగానే వచ్చాయి. పైన నేను రాసిన, పత్రికల్లో కనిపించే 'ఒసాకా' అసలు 'ఓసక': దీర్ఘం ఉండాల్సిన చోట లేదు, లేనిచోట రెండున్నాయి. జపనీస్ మొదలుపెట్టేవారు కొన్నాళ్లు ఇంగ్లీషు లిపి పక్కన పెట్టి, వేళ్ల మీద మాత్రలు లెక్కిస్తూ జపాన్‌వారి మాట వినండి. మీ గొంతు రికార్డు చేసి వారి మాట పక్కన పెట్టి వినండి. వేగం గురించి తర్వాత చూసుకోవచ్చు.